చలికాలంలో మూడేళ్లలోపు బిడ్డతో రోజూ ఆడుకోవడం ఎలా: తిరుపతి, చిత్తూరు కుటుంబాలకు సమగ్ర మార్గదర్శి

మన ప్రాంతంలో చలికాలం ఒకటి కాదు, రెండు. అక్టోబరు నుంచి డిసెంబరు సగం వరకు ఈశాన్య రుతుపవనాలు తెచ్చే ముసురు మొదటిది. ఆ ముసురు విడిచాక ఫిబ్రవరి మొదటి వారాల వరకు మంచు పట్టిన ఉదయాలతో, పొడిగాలితో ఉండే అసలు చలి రెండోది. మొదటి దానిలో బిడ్డను గడప దాటించడానికే వీలుండదు, రెండో దానిలో గడప దాటించడానికి తగిన వేళ రోజులో కొద్దిసేపే దొరుకుతుంది. ఊరిని బట్టి కూడా లెక్క మారుతుంది. శేషాచలం కొండల పాదాన, సుమారు 160 మీటర్ల ఎత్తున ఉన్న తిరుపతిలో ఒక్క స్వెటరు సరిపోయే రోజున, సుమారు 700 మీటర్ల ఎత్తున ఉన్న పలమనేరు, మదనపల్లె వైపు ఇంకో పొర తప్పనిసరి అవుతుంది. అందువల్ల ఇక్కడ చెప్పిన వేళలను మీ ఊరి చలికి అరగంట అటూ ఇటూ జరుపుకోండి.

తిరుపతిలో మేడ మీది చిన్న పోర్షనులో మా అబ్బాయితో రెండు చలికాలాలు గడిపిన తరువాత నాకు బలంగా కుదిరిన అభిప్రాయం ఒకటుంది. ఏడాది దాటి మూడేళ్లు నిండని బిడ్డకు కొత్త బొమ్మ పది నిమిషాల ముచ్చట. అదే ఆ కాలంలో ఇంట్లో ఎటూ జరిగే పనిలో, అంటే కాయలు వొలవడంలో, పిండి కలపడంలో, ముగ్గు వేయడంలో చిన్న వాటా ఇస్తే, ఆ ముచ్చట మూడు నెలలు నడుస్తుంది. ఈ మార్గదర్శి అంతా ఆ వాటాను ఎలా ఇవ్వాలన్న దాని గురించే.

ముందుగా రోజును ఎండను బట్టి అమర్చుకోండి

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం ఒకటి, రెండు ఏళ్ల బిడ్డలు రోజు మొత్తం మీద కనీసం 180 నిమిషాలు ఏదో ఒక రకంగా కదులుతూ ఉండాలి, పగటి నిద్రతో కలిపి 11 నుంచి 14 గంటలు నిద్రపోవాలి. ఏడాది బిడ్డకు టీవీ, ఫోను అసలే వద్దని, రెండేళ్ల బిడ్డకు గంటకు మించకూడదని, అంతకంటే తగ్గితే ఇంకా మంచిదని కూడా అందులో ఉంది. 180 నిమిషాలు అనగానే భయం వేస్తుంది గానీ, ఇరవై నిమిషాల చొప్పున తొమ్మిది ముక్కలుగా చూస్తే అది ఏ ఇంటికైనా అందే లెక్కే. మెట్లు ఎక్కి దిగడం ఒక ముక్క, చాప చుట్టి విప్పడం ఒక ముక్క, ఉప్పుమూట ఒక ముక్క. ఉప్పుమూటలో మోసేది మనమే కాబట్టి, ఆ తరువాత ఒక దిండును మూటగా కట్టి బిడ్డ వీపు మీద పెడితే లెక్క సరిపోతుంది.

డిసెంబరులో మనకు ఆరున్నర ప్రాంతంలో తెల్లవారి, ఆరు లోపే పొద్దు గూకుతుంది. ఎనిమిదిన్నర వరకు బిడ్డను ఇంట్లోనే ఉంచి, దుప్పట్లో దోబూచులాట, గోరువెచ్చని రాగిజావ వంటి వాటితో గడపండి. ఎనిమిదిన్నర నుంచి పదిన్నర వరకు మిద్దె మీదో, వాకిట్లోనో ఎండ పడే చోటికి తీసుకెళ్లండి. ఇది రోజులో అన్నిటికంటే విలువైన సమయం, దీన్ని వంటపనికి ఇచ్చేయకండి. వీలైతే కూరగాయలు తరిగే పళ్లెమే మిద్దె మీదికి తెచ్చుకోండి, కత్తి మాత్రం మీ చేతిలోనో అందని ఎత్తులోనో ఉండాలి. మధ్యాహ్నం నిద్ర లేచాక నాలుగింటి నుంచి ఐదుంబావు వరకు రెండో విడత బయట తిరగనిచ్చి, చీకటి పడకముందే కిటికీలు వేసేయండి. వానలు వెళ్లిన తరువాతి వారాలలో దోమలు చలి కంటే ఎక్కువ బాధ పెడతాయి. పైగా డెంగీ దోమ పగలే కుడుతుంది కాబట్టి మిద్దె మీది పాత కుండలు, టైర్లు, పూలకుండీల కింది పళ్లేలలో నీరు నిలవకుండా వారానికోసారి బోర్లించడం ఈ ఆటల ఏర్పాటులో మొదటి పని.

బట్టలు, స్నానం

ఒక మందపాటి ఉన్ని చొక్కా కంటే మూడు పలుచని పొరలు మేలు. లోపల నూలు బనియను, పైన నిండు చేతుల చొక్కా, ఆపైన స్వెటరు వేస్తే, ఎండ ముదిరే కొద్దీ ఒక్కొక్కటి తీయవచ్చు. బిడ్డకు చలిగా ఉందో ఉక్కగా ఉందో అరచేతులు పట్టుకుని నిర్ణయించకండి, అవి ఎప్పుడూ కాస్త చల్లగానే ఉంటాయి. మెడ వెనక, చొక్కా లోపలికి రెండు వేళ్లు పెట్టి చూడండి. అక్కడ చెమట తగిలితే ఒక పొర తీసేయాలి. ఇంట్లో పెద్దవాళ్లు, ముఖ్యంగా అవ్వలు, నిద్రలో కూడా చెవులకు టోపీ ఉండాలంటారు. వారి ప్రేమను కాదనకుండా, బయటికి వెళ్లేటప్పుడు తప్పకుండా పెట్టి, పడుకోబెట్టేటప్పుడు మాత్రం తీసేయడం మంచిది. నిద్రలో అది ముఖం మీదికి జారవచ్చు, ఒళ్లు అతిగా వేడెక్కనూవచ్చు.

స్నానం పదిన్నరకు, ఒళ్లు ఎండలో కాగిన తరువాత పెట్టుకోండి. బకెట్టులో ముందు చన్నీళ్లు పోసి, తరువాతే వేణ్నీళ్లు కలపాలి. వేణ్నీళ్లే ముందు పోసి కొళాయి వైపు తిరిగిన ఆ రెండు క్షణాల్లో బిడ్డ చెయ్యి పెట్టేస్తాడు. మోచేతికి గోరువెచ్చగా తోస్తే చాలు. స్నానానికి ముందు నువ్వులనూనె రాసే పది నిమిషాలూ ఆటే. అరికాలితో మొదలుపెట్టి, ఏ అవయవానికి రాస్తే దాని పేరు చెప్తూ, మోకాలి దగ్గర ఆగి ‘ఇదేమిటి?’ అని అడగండి. కర్పూరం కాచి కలిపిన నూనెను మాత్రం రెండేళ్లలోపు బిడ్డకు రాయకండి. కర్పూరం కడుపులోకి పోతే పసివాళ్లకు విషమే, దాన్ని వాళ్లకు అందని చోట దాచండి.

ముసురు పట్టిన రోజులు

నాలుగు రోజులు ఎడతెగకుండా వాన పట్టినప్పుడు ఇంట్లో కష్టపెట్టేది చలి కాదు, బిడ్డ ఒంట్లో ఖర్చుకాని శక్తి. దానికి నేను వాడేవి మూడే మూడు. రెండు కుర్చీల మీద పాత బొంత పరిచి గుడారం కట్టడం మొదటిది. కట్టేటప్పుడు బొంత ఒక కొస బిడ్డ చేతికిచ్చి లాగించండి, కూలిపోయినప్పుడు మళ్లీ కట్టండి. బిడ్డకు లోపల కూర్చోవడం కంటే కట్టడం, కూల్చడం మీదే మక్కువ అని రెండో రోజుకే అర్థమవుతుంది. రెండోది గిన్నెల వరస. పెద్ద గిన్నె, చెంబు, చిల్లుల గరిటె, పప్పుగుత్తి, మూతలు కింద పరిచి, ఏ మూత ఏ గిన్నెకు సరిపోతుందో వెతకనివ్వండి. మోత భరించలేకపోతే కింద చాప వేయండి.

మూడోది రాగిపిండి. మన ఇళ్లలో సంగటికి పిండి ఎప్పుడూ ఉంటుంది కాబట్టి, ఒక గుప్పెడు పిండిని వెడల్పు పళ్లెంలో పోసి, ముందు పొడిగానే వేలితో గీతలు గీయనివ్వండి. అది విసుగు పుట్టాక చెంచాడు నీళ్లు, మళ్లీ చెంచాడు నీళ్లు బిడ్డ చేతనే పోయించండి. పొడి ముద్దగా మారుతున్నప్పుడు ఆ ముఖం చూడాలి. ముద్ద అయ్యాక దాన్ని ఉండలు చేయడం, వేళ్లతో పొడవడం, చెంచాతో కోయడం అన్నీ కలిపి నలభై నిమిషాలు తేలిగ్గా గడుస్తాయి. నోట్లో పెట్టుకున్నా విషం కాదు, కాని పచ్చిపిండి తినే వస్తువు కాదని ప్రతిసారీ నెమ్మదిగా చెప్పి చెయ్యి దించండి. పిండే ఎందుకు, రాగులో శనగలో ఇవ్వవచ్చు కదా అని కొందరు అడుగుతారు. ఈ వయసు బిడ్డలు గింజను ముక్కులోనో చెవిలోనో దూర్చుకుంటారు, అందుకే ఈ ఆటలో గింజలు వద్దు.

వాన తెరిపిచ్చినప్పుడు వాకిట్లో నిలిచిన చిన్న నీటిమడుగులో చెప్పులతో పది నిమిషాలు చప్పుడు చేయనివ్వడంలో తప్పు లేదు. వెంటనే కాళ్లు కడిగి, తుడిచి, మేజోళ్లు వేస్తే సరిపోతుంది. కాని పారే నీళ్లు వేరు, నిలిచిన నీళ్లు వేరు. 2021 నవంబరులో తిరుపతి వీధులు వరదలో మునిగినప్పుడు రోడ్డేదో కాలువేదో తెలియని స్థితి వచ్చింది. వీధిలో నీళ్లు కదులుతున్నాయంటే బిడ్డను చంకనెత్తుకుని కిటికీ దగ్గరికే పరిమితం కావాలి. కపిలతీర్థంలో కొండ మీది నుంచి జలపాతం దూకేది కూడా ఈ రోజుల్లోనే. దాన్ని చూపించాలనే కోరిక సహజమే గానీ, వాన ఆగిన మరునాడు, దూరం నుంచి, చేతుల్లో ఉంచుకుని చూపించండి. నీళ్ల చప్పుడే బిడ్డకు పెద్ద వింత.

అనపకాయల పని

ఇక ఈ ప్రాంతం వాళ్లకు తేలిగ్గా దొరికే ఆట ఒకటుంది. చలి మొదలవగానే సంతల్లో, రోడ్ల పక్కన అనపకాయలు కుప్పలు పోస్తారు. సంక్రాంతి దాటే వరకు మన ఇళ్లలో పితికిపప్పు, అంటే నానిన అనపగింజల తోలు పితికి తీసిన పప్పు, వాసన రాని వారం ఉండదు. కాయ సంచి నుంచి సంగటి పక్కన చేరే వరకు ఆ పప్పు నడిచే దారిలో ప్రతి మజిలీలోనూ రెండేళ్ల బిడ్డకు చేయదగిన పని ఒకటి దొరుకుతుంది. దీన్ని ఒక్క రోజులో ముగించాలని చూడకుండా రెండు రోజులకు పంచండి.

మొదటి రోజు ఉదయం ఎండలో చాప పరిచి కిలో కాయలు పోయండి. ఆ కాయ తోలుకు ఒక ఘాటైన జిగట వాసన ఉంటుంది, వొలిచిన చేతులను సబ్బుతో కడిగినా పూట గడిచే వరకు పోదు. ముందుగా బిడ్డ చేతికి ఒక కాయ ఇచ్చి వాసన చూడనివ్వండి. తరువాత ఒక చిన్న బుట్టలోకి కాయలను ఒక్కొక్కటిగా వేయించండి. ఏడాదిన్నర బిడ్డకు ఇంతవరకే చాలు. రెండు దాటిన బిడ్డకైతే మీరు కాయ మొన తుంచి, ఈనె లాగి, రెండు పలకలను సగం విప్పి ఇవ్వండి. మిగిలింది తనే విప్పుకుంటాడు. లోపల పచ్చని గింజలు వరుసగా కూర్చుని ఉండడం, వాటిని బొటనవేలితో తోస్తే గిన్నెలోకి టకటకమని రాలడం ఎన్నిసార్లు చూసినా బిడ్డకు తనివి తీరదు. అప్పుడప్పుడు ఒక కాయలో చిన్న ఆకుపచ్చ పురుగు కనిపిస్తుంది. దాన్ని అసహ్యంగా విసిరేయకుండా ఒక ఆకు మీద పెట్టి, అది నడుము వంచి నడిచే తీరును కాసేపు చూపించండి. మా అబ్బాయి ఆ రోజంతా దానిలాగే చాప మీద పాకాడు.

సాయంత్రం గింజలను నీళ్లలో నానబెట్టడం కూడా బిడ్డ చేతనే చేయించండి. రాత్రి వాటి మీద మూత పెట్టేటప్పుడు ‘గింజలు నిద్రపోతున్నాయి’ అని చెప్తే మరునాడు లేవగానే మూత తీయడానికి పరుగెత్తుతాడు. తెల్లవారి చూస్తే గింజలు ఉబ్బి, పైతోలు వదులై ఉంటుంది. ఒక గింజను బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పట్టి, కింది కొస దగ్గర నొక్కితే తోలు చిట్లి పప్పు జర్రున ఎగిరి పడుతుంది. తోలు మాత్రం పలుచని సంచిలా వేళ్ల మధ్యే మిగులుతుంది. మొదట మీరు ఐదారు పితికి చూపించి, తరువాత బిడ్డ వేళ్ల మీద మీ వేళ్లు ఉంచి నొక్కించండి. మూడో నాటికి తనంతట తను పితుకుతాడు. పప్పు గిన్నెలో పడకుండా తాతగారి ఒళ్లో పడితే ఇంటిల్లిపాదీ నవ్వుతారు, ఆ నవ్వు కోసమే ఇంకో పది గింజలు పితుకుతాడు. మా అవ్వగారి ఊళ్లో చలికాలపు సాయంత్రాలు నలుగురూ గిన్నె చుట్టూ చేరి చేసే పని ఇదే. మిక్సీలు, కుక్కర్లు వచ్చినా దీనికి మాత్రం చేతివేళ్లే కావాలి.

రెండు జాగ్రత్తలు ఇక్కడ చాలా ముఖ్యం. ఒలిచిన పప్పు నున్నగా జారుతుంది, గొంతులో అడ్డం పడే పరిమాణంలోనే ఉంటుంది కాబట్టి ఈ పని జరిగినంతసేపూ ఒక పెద్దమనిషి కేవలం బిడ్డ నోటి మీదే కన్నేసి ఉండాలి. అనపగింజలను పచ్చిగా తినకూడదు కూడా, బాగా ఉడికితేనే అవి తిండి. ఉడికిన తరువాత బిడ్డకు మెత్తగా మెదిపి సంగటిలో కలిపి పెట్టండి. చెనక్కాయలకూ ఇదే మాట వర్తిస్తుంది. ఉడికించినవైనా వేయించినవైనా మొత్తం గింజను నాలుగేళ్లలోపు బిడ్డకు ఇవ్వకుండా, మెత్తగా నూరి పొడిగానో పచ్చడిగానో ఇవ్వాలి.

ముగ్గు, నీడ

డిసెంబరు సగంలో ధనుర్మాసం మొదలైనప్పటి నుంచి భోగి వరకు ప్రతి వాకిట్లోనూ పెద్ద ముగ్గులు కనిపిస్తాయి. బిడ్డకు ముగ్గురాయి పొడి ఇవ్వకండి, అది కళ్లలోకీ ఊపిరిలోకీ పోతుంది. బియ్యప్పిండి ఇవ్వండి. మీరు వేసిన ముగ్గు మీద దిద్దమని అడగకుండా, పక్కన రెండు గజాల చోటు కడిగి ‘ఇది నీ వాకిలి’ అని అప్పగించండి. వాడు గుప్పెడు పిండి ఒకే చోట పోస్తాడు, పోయనివ్వండి. ఆ కుప్ప దగ్గరికి గంటలోపే చీమలు బారు కడతాయి, పిచ్చుకలున్న వీధి అయితే అవీ దిగుతాయి. బియ్యప్పిండితో ముగ్గు వేయడంలో పెద్దలు ఉద్దేశించింది చిన్న ప్రాణులకు తిండి పెట్టడమే అని ఆ చీమలను చూపిస్తూ చెప్పండి, మాట అర్థం కాకపోయినా చీమల దగ్గర చెయ్యి నెమ్మదించడం వస్తుంది.

తొమ్మిది గంటల ఎండలో నీడలు ఇంకా పొడుగ్గా ఉంటాయి. బిడ్డను నిలబెట్టి, నేల మీద పడిన నీడ చుట్టూ పిండితో గీత గీసి, పదిన్నరకు అదే చోట మళ్లీ నిలబెట్టండి. నీడ గీతలోంచి తప్పుకుని పొట్టిగా మారి ఉంటుంది. రెండున్నరేళ్ల బిడ్డ దీన్ని గమనించగలడు, ‘నీడ ఏదీ?’ అని గీత లోపల వెతుకుతాడు. అంతకంటే చిన్నవాళ్లకు మీ నీడను తొక్కుకుంటూ వెంటపడే ఆట చాలు. గంగిరెద్దు వీధిలోకి వస్తే ఎత్తుకుని, పది అడుగుల దూరంలో నిలబడి చూపించి, బిడ్డ తనంతట తను ముందుకు వంగినప్పుడే దగ్గరికి వెళ్లండి.

భోగిపళ్లకు ముందు వారం

భోగిపళ్లు పసిబిడ్డ కోసమే చేసే వేడుక, అయినా ఎక్కువ ఇళ్లలో ఆ పూట బిడ్డ గుక్కపెట్టి ఏడుస్తాడు. మొదటి ఏడాది మా ఇంట్లోనూ అదే జరిగింది. కొత్త పట్టుబట్టలు, చుట్టూ ఇరవై మంది, ఉన్నట్టుండి నెత్తిన కురిసిన రేగుపళ్లు, చిల్లర నాణేలు. వాడి భయానికి కారణం మేమేనని ఆ రాత్రి నాకు తెలిసివచ్చింది. రెండో ఏడాది వారం ముందు నుంచే ఆటగా అలవాటు చేశాము, ఆ పద్ధతి చెప్తాను. మొదటి రెండు రోజులు ఒక కొయ్యబొమ్మను పీట మీద కూర్చోబెట్టి, దాని నెత్తిన బంతిపూల రేకులు బిడ్డ చేత పోయించండి. తరువాతి రెండు రోజులు నాన్నను పీట మీద కూర్చోబెట్టండి. ఐదో రోజు ‘ఇప్పుడు ఎవరు?’ అని అడిగి ఊరుకోండి. మా వాడు తనే వెళ్లి కూర్చున్నాడు. ఆపైన రేకులలో నాలుగు రేగుపళ్లు కలపండి. భోగి సాయంత్రం బిడ్డ మేలుకుని, కడుపు నిండి ఉన్న వేళనే వేడుకకు ఎంచుకుని, మొదట ఇంట్లోవాళ్లే పోయాలి, ఇరుగుపొరుగు తరువాత. వేడుక ముగిసిన వెంటనే నాణేలు, రేగుపళ్లు, చెరుకుముక్కలు లెక్కపెట్టి ఏరేయండి, మూడూ గొంతులో ఇరుక్కునేవే.

తెల్లవారుజాము భోగిమంటకు బిడ్డను నిద్రలేపాల్సిన అవసరం లేదని నా అభిప్రాయం. తనంతట లేస్తే గాలి వచ్చే వైపు, పొగ తగలనంత దూరంలో ఎత్తుకుని చూపించి లోపలికి తీసుకురండి. ఇంట్లో తలుపులు మూసి నిప్పుల కుంపటి పెట్టుకోవడం మాత్రం ఏ రాత్రీ చేయకూడదు. దాని నుంచి వెలువడే విషవాయువుకు వాసన ఉండదు, నిద్రలోనే ప్రాణం తీస్తుంది.

బయటికి తీసుకెళ్లేటప్పుడు

ఒక రోజు ఒకే చోటు, అదీ గంటన్నరకు మించకుండా. తిరుపతిలో 1987లో ప్రారంభమైన శ్రీ వేంకటేశ్వర జంతు ప్రదర్శనశాల 5,532 ఎకరాలది. దాన్ని మొత్తం చూపించాలని బయలుదేరితే చూసేది పెద్దలే, మోసేదీ పెద్దలే. రెండు జంతువులను ముందే ఎంచుకుని, వాటి బొమ్మలు ఇంట్లో చూపించి, వాటి దగ్గరే కూర్చుని చూసి తిరిగి రండి. చంద్రగిరి కోటలో రాజమహల్ ముందున్న పచ్చిక పరుగులకు హాయిగా ఉంటుంది. లోపలి మ్యూజియం ఈ వయసుకు అక్కర్లేదు, పెద్దలు చూడాలనుకుంటే శుక్రవారం సెలవని గుర్తుంచుకోవాలి. తిరుమలకు వెళ్లే రోజున కింద ఎంత ఎండగా ఉన్నా స్వెటరు, మేజోళ్లు, ఒక జత పొడిబట్టలు అదనంగా తీసుకెళ్లండి. కొండ మీద చలి వేరు, ఘాట్ రోడ్డు మలుపుల్లో వాంతి చేసుకునే బిడ్డలూ ఉంటారు.

జలుబు చేసిన రోజు

ముక్కు కారుతున్నా హుషారుగా ఉన్న బిడ్డను పడుకోబెట్టి ఉంచనక్కర్లేదు, కూర్చుని ఆడే ఆటలు ఆడించండి. దగ్గుమందు సొంతంగా కొని పోయకండి. పొట్ట కదలికను నిమిషం పాటు లెక్కపెట్టడం నేర్చుకోండి. బిడ్డ ప్రశాంతంగా ఉన్నప్పుడు కూడా ఊపిరి నిమిషానికి 40 లేదా అంతకు మించి ఉంటే, పక్కటెముకల కింద ఛాతీ లోపలికి గుంజుకుపోతుంటే, లేదా నీళ్లు కూడా తాగకపోతే ఆలస్యం లేకుండా డాక్టరు దగ్గరికి వెళ్లాలి.

రాత్రి

ఏడున్నరకు దీపాలు తగ్గించి, పక్క పరిచేటప్పుడు దిండ్లు బిడ్డ చేతే మోయించండి. దుప్పటి ముఖం మీదికి రాకుండా ఛాతీ వరకే కప్పి, పక్కన పడుకుని ఆ రోజు జరిగినదాన్ని జరిగిన వరసలోనే చిన్న గొంతుతో చెప్పండి. పొద్దున జావ తాగాము, మిద్దె ఎక్కాము, కాయలు వొలిచాము, కాయలో ఏముంది అని ఆగండి. రోజూ ఇలాగే చెప్తూ వస్తే, కొద్ది వారాలకు మీరు ఆగిన చోట ‘పురుగు’ అని చీకట్లోంచి జవాబు వస్తుంది.